ఓబులేసు కొన్న వార్మర్లు

దస్తగిరి మాస్టారికి ఒక అలవాటుంది. శిష్యులు ఏదైనా అడిగితే వెంటనే చెప్పరు. "ఆదివారం దాకా ఆగు" అంటారు. ఆదివారం వచ్చేసరికి అడిగినవాళ్ళు ఆ ప్రశ్న మరిచిపోయి ఉంటారు, లేదంటే జవాబు వాళ్ళకే తట్టి ఉంటుంది. మోకాలు నేలకు ఆనేంతగా పందెపు మోటారుసైకిలు వంచి మలుపు తిప్పడం నేర్పే మనిషి అంత నిదానంగా ఉండటం కొత్తవాళ్ళకు వింతగా తోచేది.

హిందూపురం పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పే స్నిగ్ధ ఆయన దగ్గర చేరి రెండేళ్ళయింది. ఆ డిసెంబరులో మొదటిసారి పందేనికి పేరిచ్చింది. పందెపు టైర్లు చల్లగా ఉంటే మలుపులో నేలను పట్టవు. అందుకని ట్రాక్ మీదికి వెళ్ళేముందు గంటసేపు, కరెంటుతో వేడెక్కే పట్టీలను వాటికి దుప్పటిలా చుట్టి ఉంచుతారు. వాటినే వార్మర్లంటారు. ఏ రకం కొనాలో తేల్చుకోలేక ఆమె ఒక నోటుపుస్తకం నిండా గళ్ళు గీసుకుని వచ్చింది.

"ఎప్పుడూ ఒకటే వేడిలో ఉండేవి కొననా మాస్టారూ, డిగ్రీలు మార్చుకునేవి కొననా? చౌకరకం అంచుల దాకా వేడెక్కదని అందరూ అంటున్నారు. నిజమేనా?"

మాస్టారు పుస్తకం చివరిదాకా తిప్పి చూశారు. ఈసారి ఆదివారం మాట ఎత్తలేదు. "రేపు సెలవు పెట్టగలవా? ధర్మవరం పోదాం" అన్నారు.

మర్నాడు ఆయన కారు వెనుక సీట్లో ఒక పాత చక్రం ఉంది. దానికి వెలిసిపోయిన ఎర్ర వార్మరు చుట్టి ఉంది. అదెందుకని స్నిగ్ధ అడగలేదు.

వాళ్ళు వెళ్ళింది ఓబులేసు ఇంటికి. మగ్గం నేసే కుటుంబంలో పుట్టి, పాత బండి ఒకటి కొని తన చేతులతో తానే బాగుచేసుకుని, మాస్టారి శిష్యులందరిలోకీ వేగంగా నడిపినవాడు ఓబులేసు. ఆరేళ్ళ కిందట ఒక పెద్ద జట్టువాళ్ళు అతను పందెంలో నడిపేది చూడటానికి వస్తామన్నారు. వాళ్ళు వచ్చిన రోజే, మొదటి చుట్టులోనే పడ్డాడు. ఎడమ భుజం నుజ్జయింది. ఆ చెయ్యి ఇప్పుడు రొమ్ము దాటి పైకి లేవదు, అందులో పట్టూ లేదు. మగ్గానికి రెండు చేతులూ కావాలి. అందుకని ఆ ఇంట్లో భార్య రామాంజినమ్మ చీరలు నేస్తుంది, అతను ఆమెకు దారం కండెలు చుట్టి ఇస్తాడు.

మాస్టారిని చూడగానే ఓబులేసు ముఖం వెలిగిపోయింది. "రండి సార్, రండి! చెప్పకుండా వచ్చినారే!" అంటూ కుడిచేత్తో కుర్చీలు లాగాడు. రామాంజినమ్మ మగ్గం దగ్గర్నుంచి లేచి కాఫీ పెట్టి తెచ్చింది.

"ఈ అమ్మాయి స్నిగ్ధ. నా శిష్యురాలు. వార్మర్లు కొనాలట, ఏవి మంచివో చెప్పు" అన్నారు మాస్టారు.

ఓబులేసు నవ్వాడు. "అడగాల్సినోన్నే అడిగినావు తల్లీ. ఉండేవాటిల్లో మంచివి కొను. నేను చౌకకు ఆశపడితిని. పైకి డెబ్బైయో ఎనభయ్యో డిగ్రీలు చూపిస్తాండె, అంచులు మాత్రం చల్లగానే ఉండిపాయ. మన ట్రాక్‌లో మూడు మలుపులు కుడికి తిరిగినాక నాలుగోది ఎడమకు తిరగల్ల. అందాక ఎడమ అంచు నేలకు తగలనే తగలదు. ఆడ జారితిని. ఎవర్ని అనేదుంది? కొన్నది నేను."

"అప్పుడే చెప్తి, మంచివి కొనుక్కోమని" అంది రామాంజినమ్మ మగ్గం వైపు నడుస్తూ. ఎన్నోసార్లు అన్న మాట కావడంతో అందులో కోపం కూడా మిగల్లేదు. "వింటేనా?"

మాస్టారు లేచి కారులోంచి చక్రం తెచ్చి గది మధ్యలో నిలబెట్టారు. ఓబులేసు దాన్ని వెంటనే గుర్తుపట్టాడు. "ఇది నాదే గదా సార్! ఇన్నాళ్ళూ మీకాడ ఉండిందా?"

"నా దగ్గరే ఉంది" అని మాస్టారు గోడనున్న ప్లగ్గులో తీగ గుచ్చారు.

అది వేడెక్కడానికి దాదాపు గంట పట్టింది. మగ్గం చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. ఓబులేసు కాసేపు చక్రాన్నీ కాసేపు మాస్టారినీ చూస్తూ కూర్చున్నాడు. కాలిన దుమ్ము వాసన గదిలో లేచాక మాస్టారు పట్టీ ఊడదీసి, "అంచు మీద చెయ్యి పెట్టు" అన్నారు.

ఓబులేసు నడిమధ్యన తాకి చటుక్కున చెయ్యి తీశాడు. తర్వాత కుడి అంచున, ఎడమ అంచున. చక్రం తిప్పి మళ్ళీ తాకాడు. స్నిగ్ధ కూడా వంగి చెయ్యి వేసింది. అంతటా ఒకే వేడి.

"ఇది బాగనే ఉంది సార్" అన్నాడు ఓబులేసు నెమ్మదిగా.

"ఆ రోజూ బాగానే ఉంది. నువ్వు ఆసుపత్రిలో ఉండగానే ఇంటికి తీసుకుపోయి కట్టి చూశాను" అన్నారు మాస్టారు. "ముఖ్య అతిథి కారు గేటు దగ్గరికి వచ్చిందని చెప్పి మీ అందరిచేతా వార్మర్లు తీయించాను, గుర్తుందా? ఆయన దండలు వేయించుకుని, ఫోటోలు దిగి, జెండా ఊపేసరికి పన్నెండు నిమిషాలు పట్టింది. జనవరి గాలిలో నిలబెట్టాను మిమ్మల్ని. 'టైర్లు చల్లబడిపోతాండాయి, మళ్ళీ కట్టుకుంటా సార్' అని నువ్వు రెండుసార్లు అడిగావు. పెద్దాయన ముందు దుప్పట్లు కప్పుకుని నిలబడతారా అని నేనే కసిరాను."

మగ్గం చప్పుడు ఆగిపోయింది.

ఓబులేసు ఊడదీసిన పట్టీని తన వైపు లాక్కున్నాడు. "కసిరినారు. అది గుర్తుంది" అన్నాడు. "అయినా దాందేముందిలే అనుకొంటిని. మీకు తెలీదా అనుకొంటిని. ఆసుపత్రిలో, నాదే తప్పు సార్, చౌకరకం కొంటిని అని ఏడిస్తే మీరు తలూపితిరి."

"ఊపాను."

"నా పక్కన కూచోని తలూపితిరి."

రామాంజినమ్మ మగ్గం గుంటలోనే కూర్చుని ఉంది. ఆమె భర్తవైపు చూడలేకపోయింది. "ఆరేండ్లు తిడితి నేను" అంది. ఆ మాట ఎవరితో అన్నదో తెలియదు. "తినేటప్పుడు గూడా తిడితి."

"ఇప్పుడేమిటికి చెప్పినారు సార్?" అన్నాడు ఓబులేసు.

"ఈ అమ్మాయి అడిగింది. తప్పు జవాబు చెప్పలేకపోయాను."

"నేను అడగలేదనా?" ఓబులేసు గొంతు పెరగలేదు. "నాకు అడగల్లనే తెలీకపాయ గదా. ఆ పాపకైతే చెప్పల్లనిపించింది. నాకు ఆరేండ్లల్లో ఒక్కనాడూ అనిపించలా."

మాస్టారు చేతులు జోడించబోయారు. ఓబులేసు తల అడ్డంగా ఊపాడు. "వద్దు సార్. మీరు అట్ల చేస్తే నేను సరేలే అనల్ల. నాకు అనాలని లేదు. కాఫీ తాగి పోండి."

కాఫీ చల్లారిపోయి ఉంది. మాస్టారు దాన్ని పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టారు. చక్రం తీయబోతే, "ఉండనీయండి. అది నాది" అన్నాడు ఓబులేసు. వాళ్ళు గడప దాటుతుండగా అతను నేలమీద కూర్చుని, ఒంటిచేత్తో ఆ పట్టీని మళ్ళీ టైరుకు చుట్టడానికి ప్రయత్నిస్తున్నాడు. ఒక చేత్తో అది అయ్యే పని కాదు. కాసేపటికి రామాంజినమ్మ మగ్గం దగ్గర్నుంచి లేచి వచ్చి రెండో కొస పట్టుకుంది.

కారు ధర్మవరం దాటింది. స్నిగ్ధకు కోపంగా ఉంది. పక్కన కారు నడుపుతున్న మనిషి దగ్గర రెండేళ్ళుగా కళ్ళు మూసుకుని నేర్చుకున్న సంగతి ఆమెను కుదిపేస్తోంది. చివరికి, "ఆయనకు నిజం చెప్పడానికి నా ప్రశ్న కావలసి వచ్చిందా మాస్టారూ?" అంది.

"కావలసి వచ్చింది" అన్నారు ఆయన. సమర్థించుకోవడానికి మరో మాట వెతకలేదు.

రోడ్డు పక్కన వేరుశనగ పీకేసిన చేలు ఎర్రగా, ఖాళీగా సాగిపోతున్నాయి. స్నిగ్ధ చాలాదూరం వాటినే చూస్తూ కూర్చుంది. హిందూపురం పొలిమేరలో కారు ఆగినప్పుడు, దిగబోతూ, పొడిగా అడిగింది. "ఇంతకీ నన్ను ఏవి కొనమంటారు?"

"ఏవైనా కొనుక్కోమ్మా" అన్నారు దస్తగిరి మాస్టారు. "నేను ఆగమన్న రోజు మాత్రం ఆగకు."