చెంపలమ్మకు పసుపు పట్టు

సుద్దపల్లె దాటగానే కుడిచేతి వైపు కనిపించే చిన్న గుట్టమీద వెలసిన తల్లి చెంపలమ్మ. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. నాలుగు బండల నీడలో నడుమెత్తు రాతి విగ్రహం, అంతే. దర్శనానికి వచ్చిన భక్తులు మొట్టమొదట చూసేది అమ్మ ఎడమ చెంప. అది వాచి ఉంటుంది. దానిమీద పసుపు, సున్నం కలిపిన ఎర్రని పట్టు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. శిల్పి పొరపాటేమో అనుకునేవారున్నారు. ఆ మాట మాత్రం గుడిలో పైకి అనకండి, పూజారమ్మ ఊరుకోదు!

పూర్వం ఇక్కడ ఓబులమ్మ అనే ముసలమ్మ గొర్రెలు మేపుకునేది. నోరు పెద్దది, మనసు మెత్తన. ఊళ్లో బండి తోలే కదిరప్ప కూతురు చెన్నక్క, ఏడేళ్ల పిల్ల, రోజూ గుట్టమీదికి ఆడుకోవడానికి వచ్చేది. ఒంటరి ముసలిదానికి ఆ పిల్లంటే ప్రాణం. జున్ను కాస్తే సగం దానికే దాచిపెట్టేది.

ఒకనాడు చెన్నక్క అక్కడున్న నిలువు రాతిని కడిగి, బొట్టు పెట్టి, "మాయమ్మ" అంది. రాళ్లతో పొయ్యి పేర్చి ఉత్తుత్తి అన్నం వండింది. అంతవరకూ ఏ పిల్లయినా ఆడే ఆటే. తరువాత పావడా చెరగు ముడి విప్పి, పసుపు తీసి, సున్నం కలిపి, రాతి చెంపకు పట్టు వేయసాగింది.

"ఏమే, మీయమ్మకేమయిందే?" అని ఓబులమ్మ నవ్వుతూ అడిగింది.

"ఏమీ కాలేదవ్వా. పొద్దు గూకింది గదా, అమ్మలకి పట్టు వెయ్యాల. మీయమ్మకి నువ్వు వేసేదానివి కాదా?"

ముసలమ్మ నవ్వు ఆగిపోయింది. కదిరప్ప పెళ్లాం సుంకమ్మను కొడతాడని ఊరందరికీ తెలుసు. మొగుడూ పెళ్లాల గొడవ మనకెందుకులే అని అందరిలాగే ఓబులమ్మా ఊరుకుంది. ఇప్పుడు చూస్తే, ప్రతి ఇంట్లో ప్రతి తల్లికీ ఇంతేనని ఈ పసిది అనుకుంటోంది!

తెల్లవారుజామున అమ్మవారు ఎడమ చెంపమీద చెయ్యి పెట్టుకుని కలలో కనిపించింది. "ఓబులా, ఆ బిడ్డ నాకు పట్టు వేస్తోంది. దెబ్బ ఎక్కడిదని ఒక్కరూ అడగరేమే? తల్లీబిడ్డల్ని నా దగ్గరికి తీసుకురా" అంది.

కదిరప్ప బండి కట్టుకుని పోయేదాకా ఆగి, ఓబులమ్మ వాళ్లింటికి వెళ్లింది. సుంకమ్మ మొదట కదల్లేదు. "యాడికి పోదునవ్వా? పుట్టింటోళ్లే సర్దుకోమని పంపించినారు" అంది. "నేను బతికే ఉండాను గదే!" అని ఓబులమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఎన్నాళ్లకో ప్రేమగా తగిలిన చెయ్యి అది. సుంకమ్మ భోరుమని ఏడ్చి, పిల్లను తీసుకుని వెంట నడిచింది.

సాయంత్రానికి కదిరప్ప ఊరి పెద్దలను వెంటబెట్టుకుని గుట్ట ఎక్కాడు. "కాపురమన్నాక ఇవన్నీ ఉంటాయి, ఇంటికి పో తల్లీ" అన్నారు పెద్దలు. సుంకమ్మ ఆ రాతిని కరచుకుని, "చంపినా పోను" అంది. కదిరప్ప చెయ్యెత్తాడు. ఆ చెయ్యి ఇంకా దిగలేదు. చెన్నక్క ఏడవలేదు, అరవలేదు, ఒక పక్కన కూర్చుని గబగబా పసుపు కలపడం మొదలుపెట్టింది. పెద్దలంతా అది చూశారు.

దెబ్బ పడింది. సుంకమ్మ చెంప కందలేదు. రాతి చెంప అందరి కళ్లెదుటా పొంగి వాచింది. కదిరప్ప చెయ్యి మోచేతిదాకా మొద్దుబారిపోయింది. పెద్దలు అమ్మ ముందు చెంపలు వేసుకుని, "మళ్లీ వీళ్ల జోలికొస్తే ఊరంతా అడ్డం పడుతుంది" అని అతణ్ణి గుట్ట దింపారు. ఆ తరువాత అతడేమయ్యాడో తెలియదు. తెలుసుకోవాలని ఎవరూ అనుకోలేదు. సుంకమ్మ ఓబులమ్మకు కూతురై మంద మేపుకుంటూ, అమ్మకు తొలి పూజారమ్మ అయింది.

నేటికీ ఆ వంశపు ఆడవారే ఇక్కడ పూజ చేస్తారు. జాతర నాడు తొలి పట్టు ఊరి పెద్దలే వేయాలి. తెలిసీ ఊరుకున్నది వారే కనుక. చుట్టుపక్కల పెళ్లికొడుకులు తాళి కట్టే ముందు వచ్చి, తమ చేత్తో అమ్మ చెంపకు పట్టు వేసి, ఈ చెయ్యి ఆలిమీద లేవదని మాట ఇస్తారు. దిక్కులేక వచ్చిన ఆడకూతురికి ఏ వేళనైనా ఇక్కడ అన్నమూ చాపా ఉంటాయి; ఎందుకొచ్చావని అడగరు. అమ్మను నమ్మిన ఇల్లు చల్లగా ఉంటుందని భక్తుల విశ్వాసం.

ఒక్క నియమం మాత్రం మరవకండి. పిల్లలను ఆ పట్టు తాకనివ్వరు. ఏ పాపయినా ముచ్చటపడి పసుపు గిన్నెలో వేలు పెట్టబోతే, పూజారమ్మ ఆ చిన్ని చెయ్యి కడిగి, ఇంత బెల్లం ముక్క పెట్టి, "ఇది నీ పని కాదు బంగారూ, పోయి ఆడుకో" అంటుంది.