బతుకమ్మ కడుపు

అనగనగ ఒక ఊర్లె మంగ అని ఒక పిల్ల ఉండేది. ఎంతుంటది? నీ అంతనే, తొమ్మిదేండ్లు. ఊఁ కొట్టు మరి, లేకుంటె కథ ఆగిపోతది.

ఆ ఏడు మంగకు బతుకమ్మ పేర్చుడు నేర్చుకోవాలని కోరిక పుట్టింది. మేనత్త నర్సవ్వ పేర్చుట్ల గట్టిది. ఆమె దగ్గర మంగ కూసున్నది, పక్కింటి రాజి గూడ కూసున్నది. తాంబాళంల గుమ్మడాకులు పరిచి, చుట్టూ తంగేడు, దాని మీద గునుగు, దాని మీద బంతి, వరుస మీద వరుస.

రాజిది గోపురం లెక్క లేచింది. మంగది ఒక పక్కకు ఒరిగింది.

"రాజి చేతుల ఏమున్నదో గని!" అన్నది మేనత్త.

సొంత మేనత్త! మంగకు కడుపుల మంట లేచింది.

"ఆఖరి దినం, సద్దుల నాడు ఎవరిది సక్కగ నిలబడ్తె దాన్నే వాడ నడుమల పెడ్త," అన్నది మేనత్త. అప్పటిసంది మంగకు ఒకటే ధ్యాస. నడుమల తనదే ఉండాలె. రాజిది ఉండొద్దు.

తెల్లారి గోడ చాటుకు నిలబడి చెవి పెట్టింది. మేనత్త రాజికి చెప్తున్నది, "ముందుగాల కడుపు నింపాలె పిల్లా. కడుపు నిండకుంటె నిలబడదు."

ఓహో, ఇదా సంగతి! మంగ ఇంట్లకు ఉరికి రెండు జొన్నరొట్టెలు, చెంబెడు మజ్జిగ మింగి, అప్పుడు పేర్చ కూసున్నది. ఏమైంది? వంగరాలేదు. బతుకమ్మ కూలింది.

ఆ తర్వాత రోజు మంగ ఆలోచించింది. "కడుపంటె నాది కాదు, బతుకమ్మది!" అమ్మ చేసిన సత్తుపిండి ముద్దలు మూడు తెచ్చి పూల నడుమల పెట్టింది. పొద్దుగూకేసరికి చీమలొచ్చినయి. చీమలు దులుపుతుంటె పూలు రాలినయి.

రాజిని ఒక్క మాట అడిగితె అయిపోతుండె. అడుగుతదా? నాలుక కొరుక్కుంటది గని అడగదు.

ఆ తర్వాత సద్దుల బతుకమ్మ రానే వచ్చింది. మంగ పూల కాడలు తుంచి కుప్ప పోసింది. రాజి వచ్చి, "మంగా, ఈ కాడలు పారేస్తున్నవా? నేను తీస్కపోనా?" అన్నది.

మంగకు లోపల ఎంత సంబురమో! చెత్త ఏరుకుంటున్నదని. "తీస్కపోవే, చెత్తంత నీకే! ఆకులు గూడ పట్కపో!"

సాయంత్రం మంగ తన నడుమంత ఎత్తు పేర్చి నెత్తిన పెట్టుకున్నది. మొదటి అడుగుకు గునుగు జారింది. రెండో అడుగుకు బంతి జారింది. మూడో అడుగుకు మొత్తం ముక్కు మీదికెళ్ళి కింద పడ్డది. నెత్తిన ఉత్త తాంబాళం మిగిలింది.

వాడ నడుమల రాజిది ఠీవిగ నిలబడ్డది.

మంగ ఏడ్వలేదు. పటపట పండ్లు కొరికింది. "దాని లోపల ఏం మంత్రం పెట్టినవే?"

"మంత్రమేంది? నీ కాడలే," అన్నది రాజి. పై వరుస కొంచెం ఎత్తి చూపించింది. లోపలంత మంగ ఇచ్చిన కాడలు, ఆకులు కుక్కి ఉన్నయి. "అత్త చెప్పలే, కడుపు నింపాలని? నడుమల ఖాళీ ఉంటె పూలు లోపలికి కూలవా?"

మంగ చూసింది. తన చేత్తో ఇచ్చిన చెత్త. దాని మీదనే రాజిది నిలబడ్డది. తన బతుకమ్మ కడుపు ఖాళీ, తన కడుపు నిండ మంట.

అప్పుడు నోరు పెగలక పెగలక అన్నది, "రాజీ... నాకు సూపిస్తవా?"

రాజి కింద పడ్డ పూలు ఏరింది. ఇద్దరు కూసుని పేర్చిన్రు. అరచేతంత బతుకమ్మ అయింది. మేనత్త దాన్ని రాజి బతుకమ్మ పక్కన పెట్టింది.

మంట పోయిందా అంటవా? యాడ పోతది బిడ్డా, దీపమంత మిగిలింది. ఆ వెలుతుర్లనే మరుసటేడు మంగ నీ అంత ఎత్తు బతుకమ్మ పేర్చింది. అప్పుడు గోడ చాటుకు నిలబడి తొంగి చూసిందెవరనుకున్నవు? రాజి!

పువ్వు పోయె వాగుకు,
కాడ పోయె కడుపుకు,
కథ పోయె కంచికి,
కునుకు వచ్చె కంటికి.