కాచని డప్పు

కరువు కాలంలో ఒక రాజ్యంలో కోట గోడ కడుతున్నారు. కూలీలు తాళ్లు కట్టి బండలు లాగుతుంటే, గురవయ్య పక్కన నిలబడి డప్పు వాయించేవాడు. "ఆ దరువు వింటే చాలు, వీళ్లకు సత్తువ దానంతటదే పుట్టుకొస్తుంది" అని దివాను మధ్యాహ్నపు అంబలి ఆపించేశాడు. నిన్న తాడు లాగుతూనే గురవయ్య తమ్ముడు ఓబులు కూలిపోయాడు. మళ్లీ లేవలేదు. తన దరువుకే వాడు లేని బలం తెచ్చుకుని లాగాడన్న సంగతి గురవయ్యను కుదురుగా ఉండనివ్వలేదు.

ఇవాళ ముసురు పట్టింది. రాజుగారు పని చూడటానికి వచ్చారు.

"ప్రభూ, డప్పు మహిమ చిత్తగించండి!" అన్నాడు దివాను.

గురవయ్య కొట్టాడు. తడి గోనె మీద కొట్టినట్టుంది చప్పుడు.

"గట్టిగా కొట్టరా!" అని దివాను గద్దించాడు.

"కొడుతూనే ఉన్నాను దొరా. తమరే దీనికి నాలుగు మాటలు చెప్పి హుషారు తెప్పించండి."

"తోలుకు మాటలు చెబితే మోగుతుందట్రా, వెధవా? మంట వేసి కాచుకో!"

గురవయ్య డప్పు తీసుకెళ్లి, ఆరిపోయిన అంబలి పొయ్యి మీద పెట్టాడు.

"చచ్చిన తోలుకే మంట కావాలని తమరే సెలవిచ్చారు. వీళ్లది బతికున్న తోలు దొరా. వీళ్ల పొయ్యి ఆర్పేసి నన్ను వాయించమంటే ఎలా?"

దివాను రాజుగారి వైపు తిరిగాడు.

"పొయ్యి వెలిగించండి" అన్నాడు రాజు.

అంబలి ఉడికింది. ఆ మంటకే డప్పూ కాగింది. కూలీలు తాగి వచ్చి తాళ్లు పట్టుకున్నారు. గురవయ్య మాత్రం లాగుడు దరువు ఎత్తుకోలేదు. పని ఆపొద్దన్నారని నిన్న తమ్ముడికి వాయించకుండా మిగిలిపోయిన చావు దరువు ముందు వాయించాడు.