పటం కింది వరుస

వింధ్యకి ఒళ్లు మండిపోయింది. మ్యూజియంలో చేరాక తన పేరుతో అచ్చుకి వెళ్లాల్సిన మొదటి పోస్టర్ అది, ఒక పాత బట్ట పటం బొమ్మతో. సాయంత్రంలోగా పంపమని ప్రెస్ వాళ్లు పోరు పెడుతున్నారు. ఖలీల్ సాబ్ మాత్రం సంతకం పెట్టడం లేదు.

ముప్పై ఏళ్లుగా అక్కడి బొమ్మలకి ఫొటోలు తీస్తున్న మనిషి ఆయన. వింధ్యకి కెమెరా పట్టుకోవడం నేర్పింది కూడా ఆయనే. ఆయన పట్టు ఒక్కటే. బొమ్మలో ఏ మూల కత్తిరించినా, కత్తిరించినట్టు కింద రాయాలి.

"రాస్తే పోస్టర్ అందం పోతుంది సార్. నేను తీసేసింది పటంలో కింది వరుస ఒక్కటే. అంతా మసి, చిరుగులు. ఎవరు చూస్తారు దాన్ని?"

అందం మీద ఉన్న ప్రేమ బొమ్మ మీద కూడా కాస్త ఉంటే ఎంత బాగుండును, అనుకున్నాడు ఖలీల్ సాబ్.

పక్క గదిలో ఉన్న ఓదేలుని పిలిచాడు. ఆ పటం ఓదేలు ఇంటిది. తాతల నాటి నుంచి వాళ్లు దాన్ని ఊరూరా విప్పి, ఒక్కో బొమ్మనీ కర్రతో చూపిస్తూ తమ కులం కథ చెప్పేవాళ్లు. బట్ట జీర్ణమైపోతోందని మ్యూజియానికి ఇచ్చాడు. ప్రదర్శన మొదలయ్యే రోజు కథ చెప్పమంటే ఒప్పుకుని, ఆ సంగతి మాట్లాడటానికి ఇవాళ వచ్చాడు.

"ఓదేలూ, జర దీని మీద చెప్పు," అంటూ సాబ్ పోస్టర్ నమూనాని బల్ల మీద పరిచాడు.

ఓదేలు సంబరంగా గొంతెత్తాడు. కర్ర రాజు మీద పెట్టాడు. రాజు నుంచి ఏనుగు మీదికి, అక్కణ్ణించి అమ్మవారి మీదికి వచ్చాడు. ఇంకా కిందికి దించేసరికి కర్ర కాగితం దాటి బల్ల చెక్కకి టక్కున తగిలింది.

పాట ఆగిపోయింది. ఓదేలు కాగితం ఎత్తి, దాని కింద కూడా చూశాడు.

"మావోళ్లేరి?"

కర్ర కొనతో అమ్మవారి చేతిని తట్టాడు.

"అమ్మోరు వరమిచ్చింది మా పెద్దలకు. గిప్పుడు చెయ్యి చాపి ఎవలకిస్తున్నది, ఈ బల్లకా?"

"అక్కడ బాగా మసి పట్టింది తాతా..." అంది వింధ్య.

"పట్టదా మరి? మేం దీపం పెట్టింది రాజు కాడ కాదు బిడ్డా, మావోళ్ల కాడ!" ఓదేలు కాగితాన్ని పక్కకి నెట్టేశాడు. "ఈ బొమ్మ ముంగట నేను కథ చెప్ప." కర్ర చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లిపోయాడు.

వింధ్య మొహం కందిపోయింది. కోపం ఇంకా ఉంది, ఎవరి మీదో మాత్రం తెలియడం లేదు. పెన్ను లాక్కుని 'పటంలో కొంత భాగం' అని రాయబోయింది.

ఖలీల్ సాబ్ కాగితం మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"కొంత అని కాదు బేటా. ఎవల్ని తీసేసినవో రాయి."

వింధ్య పెన్ను ఆపి, తలెత్తి ఓదేలు వైపు చూసింది.

"తాతా, వాళ్ల పేర్లేంటి?"

ఓదేలు మొహం తిప్పుకున్నాడు.

ఖలీల్ సాబ్ చెయ్యి తీసేశాడు. "పేర్లు తెల్వకుండనే తీసేసినవా?" అన్నాడు.