దొన దగ్గరి తెల్లమృగం

ఎర్రగట్టు అడవిలో దుప్పులు, కొండగొర్రెలు, అడవిపందులు, కుందేళ్లు కలిసిమెలిసి బతికేవి. వాటన్నిటికీ కాపలాదారు గండయ్య అనే కొండముచ్చు. పొద్దున్నే మద్దిచెట్టు చిటారుకొమ్మ ఎక్కి నాలుగు దిక్కులూ చూసేవాడు. ఆయన "ఖక్!" అన్నాడంటే చాలు, ఎక్కడి ప్రాణి అక్కడి నుంచే పరుగందుకునేది. ఆయన "ఇక పదండి" అనేదాకా ఎవరూ నీళ్లలో మూతి పెట్టేవారు కాదు. తాతల నాటి నుంచీ అదే కట్టుబాటు.

కట్టుబాటు మంచిదే. కానీ పొగడ్తలు వినీ వినీ గండయ్యకు కళ్లు నెత్తికెక్కాయి. "నాకు కనిపించింది ఉన్నట్టు, కనిపించనిది లేనట్టు! అంతే!" అనేవాడు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. వాగు ఎండింది, చెలమలు ఎండాయి. గట్టు కింద రాతిగుంటలో మాత్రం నీళ్లు మిగిలాయి. ఆ గుంటను అందరూ దొన అనేవారు.

ఒకనాడు గట్టు మీద పిడుగు పడింది. మూడు పెద్ద నల్లబండలు దొర్లుకుంటూ వచ్చి, దొన అవతల తెల్లటి ఇసుకవాలులో కూరుకుపోయాయి. ఒకటి పైన, రెండు కింద, ఎడమెడంగా. మూడింటికీ ఒకదానికొకటి ఎదురుగా ఉన్న వైపు అంచు విరిగి గంటు పడింది.

మర్నాడు గండయ్య చెట్టెక్కి చూసి అదిరిపడ్డాడు. ఆ బండలకు అడ్డంగా తెల్లటి మృగం ఒకటి కూర్చుని ఉంది! మొనదేలిన తల పైబండకు ఆనింది. తొడలు రెండూ కిందిబండలకు ఆనాయి. చుట్టూ ఉన్న ఇసుక కన్నా తెల్లగా మెరిసిపోతోంది.

"ఖక్! ఖక్! దొన దగ్గర తెల్లపులి! ఎవరూ వెళ్లకండి!"

అందరూ పొదల చాటు నుంచి తొంగిచూశారు. నిజమే, అందరికీ కనిపించింది. అది కదలదు, మెదలదు.

"పొంచి ఉంది. అంతే!" అని తేల్చేశాడు గండయ్య.

చుక్కమ్మ అనే దుప్పికి అప్పుడే ఒక పిల్ల పుట్టింది. నీళ్లు లేక చుక్కమ్మకు పాలు ఇంకిపోయాయి. పిల్ల పొదుగు కుమ్మీ కుమ్మీ, చివరికి అరిచే ఓపిక కూడా లేక పడుకుంది. "ఇవాళ నీళ్లు దొరక్కపోతే నా బిడ్డ దక్కదు" అని చుక్కమ్మ కుమిలిపోయింది.

దారి తోచక తొర్రలో ఉండే పైడమ్మ దగ్గరికి వెళ్లింది. పైడమ్మ ఒక చిన్న గుడ్లగూబ. ఏది చూసినా తలను అటూ ఇటూ, పైకీ కిందికీ ఊపి ఊపి చూస్తుంది. "పూనకం వచ్చిందా పిన్నీ?" అని అడవంతా ఆటపట్టించేది.

"పిన్నీ, ఆ మృగం సంగతేమిటో నువ్వైనా చెప్పవా?" అంది చుక్కమ్మ.

"ఈ ఎండలో అంత దూరం నాకు చూపు ఆనదమ్మా. నువ్వే చూడు. కాకపోతే నాలాగా చూడు."

"తల ఊపుతూనా?"

"మరి! నా కళ్లు గుంటల్లో తిరగవు. అందుకే తల కదపడం నేర్చుకున్నాను. కాస్త ఇటు జరిగి చూడు, కాస్త అటు జరిగి చూడు. దగ్గర ఉన్నది గబగబా జరిగినట్టుంటుంది. దూరాన ఉన్నది మెల్లగా జరుగుతుంది. ముందున్నది వెనకదాన్ని ఒకసారి ఎక్కువ కప్పుతుంది, ఒకసారి తక్కువ కప్పుతుంది. అలా కప్పలేదనుకో, ముందు ఏమీ లేనట్టే!"

చుక్కమ్మ వెంటనే పొద చాటుకు వెళ్లి దొన వైపు చూసింది. ఎడమకు జరిగింది. మృగం తొడ ఊడిపోయింది. కుడికి జరిగింది. తల ఒకచోట, ఒళ్లు ఒకచోట అయ్యాయి. బండల్లోని గంట్లు మాత్రం ఎక్కడివి అక్కడే ఉన్నాయి.

"ఓసి నీ అసాధ్యం కూలా! అవి విరిగిన బండలు. మధ్యలో ఉన్నది వట్టి ఇసుక!"

మళ్లీ మొదటి చోటికి వచ్చి నిలబడింది. మృగం మళ్లీ ప్రత్యక్షం! లేదని తెలిసినా కన్ను మాట వినలేదు.

చుక్కమ్మ గండయ్య దగ్గరికి పరుగెత్తింది. "మామా, అక్కడ ఏ పులీ లేదు. కాస్త పక్కకు జరిగి చూడు."

"నాకే చూడటం నేర్పుతావా? తల ఊపి ఊపి నీకు కళ్లు తిరిగినట్టున్నాయి" అని గండయ్య కసిరాడు. "అందరూ వినండి! వాగు ఇసుకలో కాస్త చెమ్మ ఉంది. తవ్వుకుని తాగుదాం. అక్కడ ఏ భయమూ లేదు, నాదే పూచీ!"

గుంపంతా వాగు దారి పట్టింది. చుక్కమ్మ పిల్ల కూడా తూలుతూ గుంపులో నడిచింది. చేసేది లేక చుక్కమ్మ వెంట వెళ్లింది.

వాగు ఒడ్డున పొదల కింద ఎండా నీడా చుక్కలు చుక్కలుగా పడి ఉన్నాయి. ఆకు కూడా కదలడం లేదు. "చూడండి, ముందు నేనే దిగుతున్నాను!" అంటూ గండయ్య ఠీవిగా చెట్టు దిగాడు.

చుక్కమ్మ మనసు ఒప్పుకోలేదు. అక్కడే నిలబడి తల అటూ ఇటూ ఊపింది. "ఈమెకూ పూనకం వచ్చింది!" అని అడవిపందులు పకపకా నవ్వాయి.

తల ఊపిన కొద్దీ పొద కింది నీడచుక్కలు మెల్లగా జరిగాయి. వాటి ముందున్న మరో చుక్కల కుప్ప మాత్రం గబగబా జరిగింది. ఆ కుప్పకు రెండు చెవులున్నాయి!

"చిరుత! పరుగెత్తండి!" అని చుక్కమ్మ నేల తన్ని అరిచింది.

చిరుత దూకింది. గండయ్య ఒక్క గెంతులో చెట్టెక్కాడు, కానీ సగం తోక దాని నోట్లోనే ఉండిపోయింది.

అందరూ గుండెలు చేతబట్టుకుని చుక్కమ్మ వెనక పరుగెత్తారు. దొన దగ్గరికి రాగానే గుంపు టక్కున ఆగిపోయింది. ఎదురుగా తెల్లమృగం. వెనక చిరుత. ముందు నుయ్యి, వెనక గొయ్యి!

మృగం ఎప్పటిలాగే మెరుస్తోంది. ఇక తల ఊపి చూసే వ్యవధి లేదు. చుక్కమ్మ బిడ్డను మూతితో తోసుకుంటూ తిన్నగా దాని మీదికే నడిచింది. దగ్గరయ్యే కొద్దీ మృగం విడిపోయింది. ఇక్కడో బండ, అక్కడో బండ, మధ్యలో కాలే ఇసుక.

"రండి! ఇక్కడేమీ లేదు!"

అది చాలు, గుంపంతా బిలబిలా వచ్చి బండల వెనక చేరింది.

చిరుత పొదలు దాటి వచ్చి దొన వైపు చూసింది. దానికి తల ఊపి చూడటం ఎవరు నేర్పారు కనక? అంత పెద్ద తెల్లమృగాన్ని చూసి పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక్కి తిరిగి ఒకటే పరుగు! మళ్లీ ఆ ఛాయలకు రాలేదు.

"అమ్మయ్య! బతుకు జీవుడా!" అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నవ్వాగక కొందరు ఇసుకలో దొర్లారు. తర్వాత దొన చుట్టూ చేరి కడుపారా నీళ్లు తాగారు.

కాసేపటికి గండయ్య సగం తోకతో, మొహం చెల్లక తల దించుకుని వచ్చాడు. "చుక్కమ్మా, ఆ చూపేదో నాకూ నేర్పుతావా?"

"పైడమ్మ పిన్నిని అడుగు మామా, సంతోషంగా నేర్పుతుంది. ముందు ఇలా వచ్చి నీళ్లు తాగు" అంది చుక్కమ్మ.

మూడోనాటికి చుక్కమ్మకు పాలు పడ్డాయి. పిల్ల కడుపునిండా తాగి, గట్టు వైపు చూసి ఉలిక్కిపడింది.

"అమ్మా! ఆ మృగం ఇంకా అక్కడే కనిపిస్తోందే!"

"నాకూ కనిపిస్తోంది తల్లీ. దాని మానాన దాన్ని కనిపించనీ. నువ్వు తాగు."

నీతి: కంటికి కనిపించిందల్లా నిజం కాదు, కనిపించనిదల్లా అబద్ధమూ కాదు. చోటు మార్చి చూసేవారికే అసలు సంగతి తెలుస్తుంది.