కడిగిన స్పాంజి

విశ్వపతి మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. కాకినాడలో ముప్పయ్యేళ్లు జువాలజీ పాఠాలు చెప్పి, రిటైరయ్యాక మేడమీది వాటాలో ఉపనిషత్తులు చెబుతున్న మనిషి. వైరాగ్యం గురించి అడిగి, నెలరోజులు ఆయన మొక్కలకు నీళ్లు పోసి వెళ్లినవాళ్లు ఊళ్లో కనీసం నలుగురున్నారు.

ఆ సంగతి తెలుసు గనకే పరాంకుశం ఆ సోమవారం ప్రశ్నతో రాలేదు, అనుమతి కోసం వచ్చాడు. నలభై ఎనిమిదేళ్లవాడు, ఆఫీసు గుమాస్తా, ఏడేళ్లుగా శిష్యుడు. భుజాన కొత్త సంచీ ఉంది.

"ఇంక నావల్ల కాదండీ. అరవకూడదనుకుంటూనే నిద్ర లేస్తాను, కాఫీ చల్లారేలోపు అలివేలు మీద అరిచేసి ఉంటాను. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. పాతదంతా కడిగేసుకుని ఏదైనా ఆశ్రమంలో కొత్తగా మొదలెడతాను. తప్పంటారా?"

అలివేలు అతని భార్య. మాస్టారింట్లో వారం రోజులు ఉండి వస్తానని మాత్రమే ఆమెకు చెప్పి వచ్చాడు.

మాస్టారు లోపలికి వెళ్లి ఒక నీళ్ల కవరు తెచ్చారు. అందులో వేలెడంత ఎర్రటి చేప, తోక విప్పుకుని కోపంగా తిరుగుతోంది.

"బెట్టా చేప. షాపువాళ్లు ఫైటరంటారు. ఈ వారం ఇక్కడే ఉండి, ఆ గాజు తొట్టి సర్ది అందులో దీన్ని పెట్టు. కొళాయి నీళ్లు బకెట్లో ఒకరోజు నిలవుంచి పొయ్యి. వచ్చే సోమవారానికి ఇది బతికుంటే నీ ఇష్టం వచ్చిన చోటికి వెళ్దువుగాని."

తర్వాత తన పాత చేపల తొట్టిలో చెయ్యి పెట్టి, నల్లటి నీళ్లు కారుతున్న స్పాంజి ముక్క ఒకటి కోసి ఇచ్చారు. "ఇది అందులో వెయ్యి" అని, ఉపన్యాసాలకని సామర్లకోట వెళ్లిపోయారు.

పరాంకుశం అర్చకుల ఇంట పుట్టినవాడు. చింతపండుతో తోమి తళతళలాడిస్తే తప్ప పూజ గిన్నె ముట్టుకోని ఇల్లు వాళ్లది. చేతిలో స్పాంజి బురద కంపు కొడుతోంది. పెద్దాయన హడావిడిలో కడగడం మరిచిపోయారనుకున్నాడు. తొట్టి అడుగున పరిచే గులకరాళ్లను చింతపండుతో తోమాడు. స్పాంజిని వేణ్నీళ్లలో ఉడకబెట్టి, ఏడుసార్లు పిండి, ఎండలో ఆరేశాడు. మర్నాడు అన్నీ సర్ది చేపను వదిలాక చూస్తే, తొట్టిలో నీళ్లున్నాయో లేవో తెలియనంత శుభ్రంగా ఉంది. తన చేతిపని చూసి తానే మురిసిపోయాడు.

బుధవారం బాగానే ఉంది. గురువారం చేప మేత ముట్టలేదు. ఆకలి లేదేమోనని ఇంకో చిటికెడు వేశాడు, అదీ అడుగుకు చేరింది. సాయంత్రానికి రెక్కలు ముడుచుకుని మూలన పడుంది. అలివేలు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

శుక్రవారం పొద్దున్నకి మొప్పలు ఎర్రబడ్డాయి. అతికష్టం మీద పైకి వచ్చి ఒక గుక్క గాలి తాగి పక్కకి ఒరిగిపోతోంది. పరాంకుశానికి ఇది పోతే తన ప్రయాణం పోయినట్టేనన్న బెంగ ముందు కలిగింది, అలా అనుకున్నందుకు సిగ్గు తర్వాత కలిగింది. గబగబా కొళాయి కింద బకెట్ పెట్టి నింపాడు. తొట్టిని రెండు చేతులా ఎత్తబోతుంటే, సామర్లకోట నుంచి తిరిగొచ్చిన మాస్టారు చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చారు.

"ఆగు! కొళాయి నీళ్లు నేరుగా పడితే అందులోని క్లోరిన్‌కి ఇప్పుడే పోతుంది."

"నీళ్లు పాడైపోయాయండీ. మొత్తం పారబోసి మళ్లీ కొత్తగా పెడతాను."

"ఇప్పుడున్నది కొత్తదేగా. ఇంతకంటే కొత్తగా ఎలా పెడతావయ్యా?" అని, తొట్టిలోకి తొంగిచూశారు. "నేనిచ్చిన స్పాంజి ఏది?"

పరాంకుశం చూపించాడు. అది మల్లెపువ్వులా ఉంది. "మురికిగా ఉందని ఉడకబెట్టానండీ."

మాస్టారి మొహం వాడిపోయింది. "చేప వదిలిన మలినమే చేపకి విషం. ఆ విషాన్ని తినేసే సూక్ష్మజీవులు ఆ మురికిలోనే ఉంటాయి. అవి మూడేళ్లుగా నా తొట్టిలో పెరుగుతున్నవి. నువ్వు ఒక్క పూటలో ఉడకేశావు."

ఆయన దగ్గర నిలవుంచిన నీళ్లు ఎప్పుడూ ఒక బిందెడు ఉంటాయి. తొట్టిలో పావువంతు నీళ్లు తోడించి, వాటిని గ్లాసుతో కొంచెం కొంచెంగా పోయించారు. పాత తొట్టిలోంచి ఇంకో స్పాంజి ముక్క కోసి ఇస్తే, ఈసారి పరాంకుశం దాన్ని పిండకుండా, కారుతున్నది కారుతున్నట్టే వేశాడు. నీళ్లు మసకబారాయి. ఆ మసకలో చేప కనిపించడం మానేసింది. అతను గాజుకి మొహం ఆనించి అక్కడే కూర్చున్నాడు, మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. ప్రయాణం సంగతి అప్పటికి మరిచేపోయాడు. బతికితే చాలనుకున్నాడు.

శనివారం మళ్లీ పావువంతు మార్చారు. ఆదివారం చేప రెక్కలు విప్పింది. సోమవారం పొద్దున్నకి నీళ్లమీద ఒక మూల చిన్న చిన్న నురగ బుడగలు పేర్చి ఉన్నాయి.

"గూడు కట్టుకుంటోంది" అన్నారు మాస్టారు. "మాట ఇచ్చాను, వెళ్లు."

పరాంకుశం సంచీ అందుకున్నాడు. అందుకున్నవాడు గుమ్మం దాటలేదు.

"ఆ సంచీలో ఏమున్నాయి?" అని అడిగారు మాస్టారు.

"రెండు పంచెలు, చాప, ఒక చెంబు. అన్నీ కొత్తవేనండీ."

"ఇంట్లోంచి తెచ్చుకున్నది ఒక్కటీ లేదా?"

"లేదండీ."

మాస్టారు తొట్టిలోని నల్లటి స్పాంజి ముక్కకేసి చూశారు.

"మరి అంత కొత్తలో ఎన్నాళ్లు బతుకుతావయ్యా?"