రాజుగారి వెనకాలే వచ్చిన ఎలుగుబంటి

పూర్వం కుందనపురం రాజుగారు వేటకెళ్లి, ఎలుగుబంటి వెంటపడగానే కోట దాకా ఒకటే పరుగండీ! ఆ పరుగు చూసినవాడు దండోరా వేసే ఓబులేశు ఒక్కడే.

"రేపు నా వేట గురించి ఊరంతా చాటించు. నా పరువు పోయిందో, నీ డప్పు లాగేసుకుంటా!" అన్నారు రాజుగారు.

ఓబులేశుకి ఆ డప్పే కూడు. పోనీ బొంకుదామంటే, డప్పు పట్టుకుని అబద్ధమాడకూడదని వాళ్లింటి కట్టుబాటాయె!

తెల్లారి డప్పు మోగింది. "వినండహో! మన రాజుగారు కత్తైనా దూయకుండా, ఇంత ఎలుగుబంటిని తమ వెనకాలే కోట దాకా రప్పించారహో!"

జనం జేజేలు కొట్టారు. రాజుగారు మురిసిపోయి ఓబులేశుకి శాలువా కప్పారు.

వారం తిరక్కుండానే రైతులు కోటకొచ్చారు. "దొరా, ఆ ఎలుగు మా చెరుకుతోటల్లోనే తిష్ఠ వేసింది. తమ వెనకాలే వస్తుందటగా! కాస్త అడవి దాకా తీసుకెళ్లండి!"

"ఇప్పుడెలారా?" అని రాజుగారు ఓబులేశు చెవిలో గొణిగారు.

"తమరు సెలవిస్తే, ఈసారి జరిగింది జరిగినట్టే చాటిస్తా దొరా!"

రాజుగారు కాసేపు ఆలోచించి, చెరుకుతోట దారే పట్టారు, పాపం!